సెమ్మె మోసిన కాళ్లు

చిన్నప్పుడు కాలికి ముల్లు దిగినా, మేకు గీరుకున్నా నేను ఇంట్లో చెప్పేదాన్ని కాదు. చెబితే సూదిమందు వేయిస్తారని భయం. అయినా అమ్మకు తెలిసిపోయేది. నా నడకలో తేడా చూసి దగ్గరకు పిలిచి, తొడ మొదట్లో, గజ్జ దగ్గర వేలితో మెల్లగా నొక్కేది. అక్కడ చింతగింజంత గట్టిగా తగిలేది. "బిళ్ల కట్టింది. కాలికి ఎక్కడ తగిలించుకున్నావే?" అనేది. నేను ఏడుస్తూ పాదం చూపించేదాన్ని. పాదంలో దెబ్బకూ తొడ మొదట్లో బిళ్లకూ సంబంధం ఏమిటో అమ్మకు తెలియదు, అమ్మమ్మకూ తెలియదు. సంబంధం ఉందని మాత్రం ఇద్దరికీ తెలుసు.

నాన్న ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. సాయంత్రాలు మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో గుడి మండపంలో పురాణం చదివేవారు. ఈ దేహం తొమ్మిది వాకిళ్ల పట్టణమనీ, లోపల స్వామి కొలువై ఉన్నాడనీ ఆయన చెబుతుంటే నేను స్తంభానికి ఆనుకుని వినేదాన్ని. "వాకిళ్లన్నీ తెరిచే ఉంటాయి కదా నాన్నా, మరి దొంగలు రారా? కాపలా ఎవరు?" అని ఒకసారి అడిగాను. మండపంలో అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. "స్వామే కాపలా" అన్నారు. ఆ మాటను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. అయితే ఆ కాపలా ఎలా జరుగుతుందో, ఏ దారుల్లో ఎవరు తిరుగుతుంటారో నేర్చుకున్నది మండపంలో కాదు. మా వెనక క్వార్టర్ పెరట్లో, ఒక ఎనామిల్ బేసిన్ ముందు పీట వేసుకుని కూర్చుని నేర్చుకున్నాను.

ఆ పెరడు అక్కది. తోడబుట్టిన అక్క కాదు. పెళ్లయి నేను అదే సెటిల్‌మెంట్‌లో ఇంకో క్వార్టర్‌కు మారేసరికి ఆమె వెనక వరసలో ఉండేది. మధ్యలో మందార కంచె ఒక్కటే అడ్డం. వాళ్లాయన వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన్ను బావగారు అనేదాన్ని. వాళ్లది టెక్కలి దగ్గర పల్లె. అక్క గొంతులో చిన్న జీర ఉండేది. ఆ జీర వల్లనే కాబోలు, పొగమంచులో ఎంత దూరం నుంచి వినిపించినా భజన పాట ఆమెదేనని తెలిసేది.

ధనుర్మాసం నెలంతా మా భజన బృందం తెల్లవారకముందే గుడి దగ్గర బయలుదేరి, న్యూ సెటిల్‌మెంట్ వీధులన్నీ తిరిగి, ఓల్డ్ సెటిల్‌మెంట్ వరకూ వెళ్లి పాడుకుంటూ తిరిగి వస్తుంది. అన్నిటికంటే ముందు సెమ్మె నడుస్తుంది. సెమ్మె అంటే నిలువెత్తు ఇత్తడి దీపం. అది మోసేవాళ్లే పాట ఎత్తాలి. వాళ్ల కాళ్లకు చెప్పులుండకూడదు. ప్రతి గుమ్మం ముందూ సెమ్మె ఆగినప్పుడు ఆ ఇంటావిడ బిందెతో పసుపు నీళ్లు తెచ్చి మోసినవాళ్ల పాదాల మీద పోసి, పసుపు రాసి, దండం పెట్టుకుంటుంది. ఆ పాదాలు ఆ నెల స్వామివే. తన అత్తగారి తరవాత సెమ్మె అక్క చేతికి వచ్చింది. నేను ఆ క్వార్టర్‌కు వచ్చేనాటికి ఇంకొకరు మోయడం ఎవరూ ఊహించేవాళ్లు కాదు.

అక్క కుడికాలు ఎడమకాలి కంటే లావు. మోకాలి కింద నుంచి పాదం వరకూ ఉబ్బి, మడమ దగ్గర మడతపడి ఉండేది. బోదకాలు అన్న మాట ఆమె ఎదుట ఎవరూ అనేవాళ్లు కాదు. ఆమె మాత్రం నవ్వేసేది. "ఇదో, నా ఇనప కాలు. మీ బావ వర్క్‌షాపుల తయారు సేసి అట్టుకొచ్చినాడు" అనేది. అందరూ నవ్వాక, చీర కుచ్చిళ్లు ఇంకో అంగుళం కిందికి లాక్కునేది. శుక్రవారం శుక్రవారం ఆ కాలికి మోకాలి దాకా దట్టంగా పసుపు రాసుకునేది. పసుపు రాశాక రెండు కాళ్లూ ఒకే రంగు. చూసేవాళ్ల కన్ను లావు మీదికి పోయేది కాదు.

ఏటా ధనుర్మాసం ముగిసే రోజుల్లో ఆమెకు జ్వరం వచ్చేది. పళ్లు కొట్టుకునే చలి, ఒంటి మీద దుప్పటి మీద దుప్పటి. కాలు కాగిన పెనంలా వేడెక్కేది. గజ్జలో బిళ్లలు నిమ్మకాయంత లేచి ముట్టుకోనిచ్చేవి కావు. కాలనీ అంతా దానికి ఒకే కారణం చెప్పుకుంది. నెలంతా స్వామి దీపం మోసింది కదా, ఆ తేజస్సు ఒంట్లో దిగింది, దిగిన వేడి బయటికి పోవాలి కదా. జ్వరంలో ఉన్న అక్క కాళ్లకు దండం పెట్టుకోవడానికి ఆడవాళ్లు వచ్చేవారు. వచ్చినవాళ్లు వట్టి చేతులతో రారు కదా, పసుపు తెచ్చేవారు. అక్క కళ్లు మూసుకునే "రాయండమ్మా, రాయండి" అనేది.

బావగారు రిటైరయ్యే ఏడాది వచ్చింది. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. రైల్వే ఊళ్లో స్నేహాలకు అదొక్కటే శాపం. పదవీ విరమణ సన్మానంలో వేసిన పూలదండ వాడకముందే ట్రంకు పెట్టెలు లారీ ఎక్కుతాయి. ఆయన చివరి జీతం సంక్రాంతి దాటాక. అంటే ఆ ధనుర్మాసమే అక్కకు ఖరగ్‌పూర్‌లో ఆఖరిది.

"ఈ నెల సెమ్మె మోసీసి ఎలిపోతానే" అంది ఒకరోజు, కంచె అవతల బట్టలు ఆరేస్తూ. "ఊల్లో మాకు గుడి ఉన్నాది గాని బజన నేదు. ఈ ఒక్క నెల స్వామి నాకిస్తే సాలు. ఇంకేటీ అడగను."

"ఎందుకివ్వడక్కా?" అన్నాను.

కానీ ఆ ఏడు జ్వరం ముందే వచ్చేసింది. దుర్గాపూజ పందిళ్లు ఇంకా విప్పలేదు. వానలకు పెరటి కాలవ నిండి, ఆమె పాదాలు మునిగే నీళ్లలో నిలబడి అంట్లు తోముకున్న వారం అది. సెమ్మె గుడి గదిలో గుడ్డ కప్పుకుని ఉంది. భజన లేదు, ఊరేగింపు లేదు. అయినా అదే చలి, అదే ఎర్రదనం, అవే బిళ్లలు. నేను మంచం పక్కన కూర్చుని ఆ కాలు చూస్తుంటే నా మనసులో ఏదో కదిలిపోయింది. దీపం ఎత్తకుండా దీపం వేడి ఎక్కడి నుంచి వచ్చింది? అక్క కూడా అదే ఆలోచిస్తోందని ఆమె మొహం చూస్తే తెలిసింది. ఆమె కళ్లలో జ్వరం కంటే ఎక్కువగా బెంగ కనిపించింది.

"స్వామి నన్ను ఇప్పుడే ఒగ్గీసినాడేటే?" అంది.

నేను వెంటనే టోటో, అదే బ్యాటరీ రిక్షా, పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడ ఒక నర్సు ఉండేది. బెంగాలీ. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగువాళ్ల మధ్య పుట్టి పెరిగింది. మా తెలుగు మాకంటే ధాటిగా మాట్లాడేది. అందరికీ దీదీయే. జ్వరం తగ్గాక ఒకరోజు ఆమె బేసిన్‌లో నీళ్లు, సబ్బు పెట్టుకుని అక్క మంచం దగ్గర కూర్చుంది.

"ఈ పసుపు తీసెయ్యాలక్కా."

"ముత్తైదు కాలికి పసుపు తియ్యకూడదు దీదీ."

"పూజ సెయ్యడానికి రాలేదక్కా నాను, కాలు సూడ్డానికొచ్చినాను. దేవుడికి అబిసేకం సేసినప్పుడు ముందు పాత గందం కడుగుతారా నేదా? అలగే అనుకో."

అక్క కాలు చాపింది. పొరలు పొరలుగా పసుపు కరిగి బేసిన్ నిండింది. దీదీ వేళ్ల మధ్య ఒక్కో సందునూ విప్పి చూసింది. నేనూ వంగి చూశాను. తడికి నాని తెల్లబడిన చర్మం, అందులో కత్తితో గీసినట్టు చీలికలు. చిటికెన వేలి సందులో చీలిక ఎర్రగా నోరు తెరుచుకుని ఉంది. ఇన్నేళ్లుగా ఎవరెవరి చేతులో ఆ పాదాన్ని తాకాయి. నా చేతులూ తాకాయి. పసుపు కింద ఏముందో ఎవరికీ కనబడలేదు.

"ఇదిగో తలుపు" అంది దీదీ. "సోరు, అదే దొంగ, ఇటునుంచే వస్తన్నాడు."

నాన్న చెప్పిన తొమ్మిది వాకిళ్లు గుర్తొచ్చాయి. ఇది పదోది. దీన్ని మేమే తెరిచాం, బిందెలు బిందెలు నీళ్లు పోసి, భక్తితో.

డాక్టరుగారు గోడ మీది బొమ్మ చూపించి మిగతాది చెప్పారు. ఆయన చెప్పినది నాకు అర్థమైనంత వరకూ ఇక్కడ రాస్తున్నాను. గుండె నుంచి రక్తం బయలుదేరి సన్నని నాళాల చివరికి చేరినప్పుడు, అందులోని నీరు కొంత బయటికి ఊరి కణాలను తడుపుతుంది. చాలా వరకు మళ్లీ రక్తంలోకే వెళ్లిపోతుంది. మిగిలిపోయిన నీటిని తీసుకెళ్లడానికి ఇంకో దారి ఉంది. వెంట్రుకంత సన్నని గొట్టాలు ఆ నీటిని పోగుచేసుకుని పైకి, పైపైకి తీసుకెళ్లి మెడ మొదట్లో మళ్లీ రక్తంలో కలుపుతాయి. ఆ నీటికి శోషరసం అని పేరు. ఆ దారిలో అక్కడక్కడ కాపలా చావళ్లు ఉన్నాయి. అమ్మ నా గజ్జలో నొక్కి చూసిన బిళ్లలు అవే. పాదం నుంచి వచ్చే నీరంతా వాటిని దాటుకునే పైకి పోవాలి.

ఎన్నడో దోమకాటుతో ఒంట్లో చేరిన దారప్పోగులాంటి పురుగులు అక్క కాలి గొట్టాల్లో కాపురం పెట్టి, వాటిలోని తలుపులను పాడుచేశాయి. ఆ పురుగులు చచ్చిపోయి ఎన్నేళ్లయిందో. తలుపులు మాత్రం బాగుపడలేదు. పైకెక్కాల్సిన నీరు కిందికే జారుతోంది. కాలు ఎడమకాలిలా మళ్లీ కాదని ఆయన స్పష్టంగా చెప్పారు. పెరగకుండా, జ్వరాలు రాకుండా చూసుకోవచ్చు. దానికి రోజూ సబ్బుతో కడగాలి, వేళ్ల సందులు పొడిగా తుడవాలి, చీలికలకు మందు రాయాలి, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదన్నది కూడా ఆయన గట్టిగా చెప్పారు, వార్డులో అందరికీ వినిపించేలా.

"నడవొచ్చా బాబూ?" అంది అక్క. ఆమెకు కావలసింది అదొక్కటే.

"నడవాలి. ఈ నీటికి గుండె లేదమ్మా. రక్తాన్ని గుండె తోస్తుంది. దీన్ని తోసేవాళ్లు పెద్దగా ఎవరూ లేరు. మీరు నడిస్తే కాలి కండలు పిండుతాయి, అప్పుడు అది కదులుతుంది."

అక్క మొహం విప్పారింది. "అయితే సెప్పుల్లేకుండా..."

"బిల్కుల్ నహీ!" దీదీ డాక్టరుగారి కంటే ముందే అరిచింది. "సెప్పుల్లేకుండా గుమ్మం దాటినావంటే నానే వచ్చి నీ సెమ్మె దాసీస్తాను."

తిరిగి వచ్చేటప్పుడు టోటోలో అక్క తన కాలి వైపే చూసుకుంటూ కూర్చుంది. గోల్ బజార్ దాటాక, "నడవమన్నారు, నడవొద్దన్నారు. ఏటి సెయ్యమంటారే?" అంది.

మర్నాటి నుంచి పొద్దున్నే కంచె సందులోంచి వెళ్లి ఆమె కాలు కడగడం మొదలుపెట్టాను. ఆమె నడుము వంగదు, చేతులు వేళ్ల దాకా అందవు. బావగారు డ్యూటీకి వెళ్లిపోయేవారు. మొదటి రోజు అక్క కాలు వెనక్కి లాక్కుంది.

"పురానం పంతులుగారి పిల్లవి. నా కాలు నువ్వు కడిగితే పాపం నాకు సుట్టుకుంటాదే."

"నెలంతా ఊరు ఊరంతా కడిగితే చుట్టుకోని పాపం నేను కడిగితే చుట్టుకుంటుందా?"

"అప్పుడు స్వామి కాలు. ఇప్పుడు నా కాలు."

"స్వామి ఆ నెల ఉండి మిగతా పదకొండు నెలలూ ఖాళీ చేసి వెళ్లిపోతాడా అక్కా? ఆయనదీ రైల్వే క్వార్టరేనా?"

ఆమె పకపకా నవ్వింది. కాలు ఇచ్చింది.

ఆచమనంలో ఒక్కో నామానికీ ఒక్కో చుక్క నీరు. ఆ అలవాటు చేతిలో ఉన్నదాన్ని కనుక, వేలు వేలికీ ఒక నామం అనుకుంటూ కడిగేదాన్ని. బొటనవేలికి కేశవా. తరవాతి వేలికి నారాయణా. మాధవా, గోవిందా. చిటికెన వేలికి విష్ణు. అక్కడ చీలిక ఉంది కనుక మెత్తగా, నెమ్మదిగా. తరవాత పాత పంచె గుడ్డతో సందు సందూ అద్దేదాన్ని. రుద్దకూడదు, అద్దాలి. అక్క "సాల్లే, లెగు. నీ ఇంట్లో పొయ్యి మీద ఏటి మాడుతున్నాదో" అనేది. నేను లేచేదాన్ని కాదు. నాకు ఆ వేళ గుడిలో కూర్చున్నట్టే ఉండేది.

దీదీ సెలవు రోజుల్లో టీ తాగే వంకతో వచ్చి కాలు చూసి వెళ్లేది. ఆ పెరట్లోనే ఆమె నాకు కాపలా సంగతి వివరంగా చెప్పింది. చీలికలోంచి సూక్ష్మజీవి దూరగానే అక్కడ తిరుగుతున్న కావలివాళ్లలో ఒకరు దాన్ని పట్టి, దాని ముక్కను మోసుకుని ఆ నీటి దారిలో బిళ్లకు చేరతారు. అక్కడ తెల్ల కణాలు సభ తీరి ఉంటాయి. ఆ ముక్కను ఒక్కొక్కరికీ చూపించుకుంటూ పోతారు. నాది కాదు, నాది కాదు అని చాలామంది తప్పుకుంటారు. ఎవరికి అది సరిగ్గా సరిపోతుందో ఆ కణం లేస్తుంది. లేచి, తనలాంటివాళ్లను వేలకు వేలు పుట్టిస్తుంది. అందుకే బిళ్ల ఉబ్బుతుంది. నాకు మా భజన కళ్లకు కట్టింది. ఎవరో ఒక చరణం అందిస్తారు. చాలామందికి అది రాదు, తల వంచుకుంటారు. వచ్చినవాళ్లు ఒక మూల నుంచి ఎత్తుకుంటారు. ఇక మండపమంతా అదే పాట. స్వామే కాపలా అని నాన్న అన్నప్పుడు నేను శంఖచక్రాలు ఊహించుకున్నాను. ఆయన ఇంత మందిని, ఇంత చిన్నవాళ్లను, ఇంత ఓపికగా పనిలో పెట్టాడని తెలిశాక నా దండం ఇంకా కిందికి వంగింది.

"పని అయిపోయినాక అందరూ పోతారు" అంది దీదీ. "కొంతమంది మాత్రం ఉండిపోతారు. ఆ సోరు మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి. యాద్ రఖ్‌నేవాలే."

అక్క వెంటనే అందుకుంది. "మరి నాకిన్నిసార్లు జొరమొచ్చినాది గదా, ఆ గుర్తెట్టుకునీవోలు ఎక్కడ తొంగున్నారు దీదీ?"

దీదీ టీ పొలమారేలా నవ్వింది. "సోర్లు శానామంది, రకరకాలోలు. అదొకటి. ఇంకోటేటంటే, నీకు పోలీసులున్నారక్కా, రోడ్డు నేదు. నీల్లల్లో కూరుకుపోతన్నారు. బేగి సేరలేకపోతన్నారు."

"అయితే రోడ్డెయ్యండి."

"అదే వేస్తన్నాం కదా, పొద్దున్నే, సబ్బుతోటి."

కార్తీకం గడిచేసరికి చీలికలు మూసుకున్నాయి. కాలు మెత్తబడింది. అక్క పొద్దున్నా సాయంత్రం చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచేది. ఆమె మనసు మాత్రం గుడి గదిలో, గుడ్డ కప్పుకున్న ఆ ఇత్తడి మీదే ఉండేది.

ధనుర్మాసం ముందు భజన బృందం మండపంలో కూర్చుంది. మా బృందం పెద్దాయన, గార్డుగా రిటైరై కొడుకు క్వార్టర్‌లో ఉంటున్న ముసలాయన, హార్మోనియం పక్కన కూర్చున్నారు. దీదీ చెప్పిన మాట నేను చెప్పాను. ఈసారి అక్క కాళ్ల మీద నీళ్లు పోయకూడదు, ఆమె చెప్పులతో నడవాలి. మండపం గుసగుసలాడింది. మా బృందంలో ఒక పెద్దావిడ ఉంది. ఆమె నోటికి జడిసి పూజారి కూడా ప్రసాదం రెండుసార్లు పెడతాడు.

"సెప్పులేసుకుని సెమ్మె మోస్తాదా? బాగున్నాది. రేపు గొడుగు పట్టమంటాది, ఎల్లుండి టోటో ఎక్కించి తిప్పమంటాది."

నాకు రోషం వచ్చింది. "అన్నగారి పాదుకల్ని నెత్తిన పెట్టుకుని మోసి, సింహాసనం మీద పెట్టి రాజ్యం ఏలిన కథ మా నాన్న ఈ మండపంలోనే చదివారు కదా పిన్నీ" అన్నాను.

"అవి స్వామి పాదుకలమ్మా" అందామె తాపీగా. "ఇవి మన సెప్పులు."

పెద్దాయన అక్క వైపు చూశారు. "నువ్వేటంతావమ్మా?"

అక్క స్తంభం పక్కన కాలు చీరతో కప్పుకుని కూర్చుంది. "పిన్ని సెప్పిందే రైటు బాబూ. స్వామి దీపం ముందర సెప్పులేసుకుని నడవను. ఇంకెవురికైనా ఇయ్యండి. నాను ఎనకాల నడుస్తాను." అని తల దించుకుంది. పెద్దావిడ కూడా తల దించుకుంది.

పెద్దాయన ఆ రోజు ఏమీ తేల్చలేదు. మర్నాడు గోల్ బజార్ వెళ్లి ఒక జత తెల్ల కాన్వాసు బూట్లు, అక్క కాలికి పట్టేలా మగవాళ్ల సైజువి, కొనుక్కొచ్చారు. సాయంత్రం అందరి ముందూ వాటిని అటూ ఇటూ తిప్పి, అడుగు వంచి, లోపల వేలు పెట్టి చూశారు. పూజారికి చూపించారు.

"తోలుందేటయ్యా ఇందులో?"

"నేదండి. గుడ్డే."

"కాలికి దెబ్బ తగిలితే గుడ్డ కట్టు కట్టుకుని గుల్లోకి రామేటి?"

"వస్తాం."

"మరి ఇదీ కట్టే. కుట్టిన కట్టు." బూట్లను పళ్లెంలో పెట్టి స్వామి ముందుంచారు. హారతి అయ్యాక ఆ పళ్లెం అక్క ముందు పెట్టారు. "పెసాదం. కాదనకూడదు."

అక్క ఆ బూట్లను కళ్లకద్దుకుంది. అప్పుడు పెద్దావిడ లేచి వచ్చి, గిన్నెలో పసుపు కలిపి, బూటు ముందు భాగం మీద దట్టంగా రాసింది. "నీ కాలికొద్దన్నారు సరే, దీనికొద్దని ఎవులన్నారు?" అంది.

ఆ నెలంతా సెమ్మె అక్క చేతిలోనే నడిచింది. ప్రతి గుమ్మం ముందూ బిందెతో నీళ్లు వచ్చేవి. పాదాల మీద కాకుండా సెమ్మె ముందు నేల మీద పోసేవారు. పసుపు బూట్ల మీద రాసేవారు. తెల్ల బూట్లు నాలుగు వీధులు తిరిగేసరికి బంగారు రంగు తేలాయి. పొగమంచులో ముందు దీపం కనిపించేది, కింద ఆ పసుపు బూట్లు కనిపించేవి, మధ్యలో మనిషి కనిపించేది కాదు. జీర గొంతు మాత్రం వినిపించేది. వెనక నడుస్తూ నేను ఆ కాలి లోపలి నీటిని తలుచుకునేదాన్ని. దానికి గుండె లేదు. ఈ నడకే దాని గుండె. గోవిందా అని ఒక అడుగు, ఒక పిండుడు. ఇంకో అడుగు. అక్క మెడ దాకా, పాట పుట్టే చోటు దాకా, ఆ నీరు ఎక్కుతోందని అనుకునేదాన్ని.

తిరిగి గుడికి చేరాక అరుగు మీద ఆమెను కూర్చోబెట్టి, బూట్లు విప్పి, కడిగి, తుడిచేదాన్ని. మొదటి రోజు నేనే ఇంటి నుంచి గుడ్డ తెచ్చాను. రెండో రోజుకు పెద్దావిడ ఉతికిన పాత పంచె ముక్క పట్టుకొచ్చింది. ఆ తరవాత ఇళ్లవాళ్లు వంతులు వేసుకున్నారు. ఎవరి వంతు వస్తే వాళ్లు మెత్తని పాత గుడ్డ ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి తెచ్చేవారు. పాదాల మీద నీళ్లు పోసే భాగ్యం పోయింది కదా, పొడిగా తుడిచే భాగ్యం కోసం పోటీపడ్డారు. "రుద్దకు, అద్దు" అని పెద్దావిడ అందరి మీదా కేకలేసేది, ఆ సంగతి తనే కనిపెట్టినట్టు.

భోగి ముందు రోజులు వచ్చాయి. నేను రోజూ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసేదాన్ని. గజ్జలో బిళ్ల ఉందా అని నోటితో అడక్కుండా కళ్లతో అడిగేదాన్ని. "నేదే, నేదు" అనేది. ఆఖరి ఉదయం సెమ్మె ఆమె క్వార్టర్ ముందే ఆగింది. వరండాలో ట్రంకు పెట్టెలు తాళ్లతో బిగించి ఉన్నాయి. తన గుమ్మానికి తనే దీపం తెచ్చింది కనుక, నీళ్లు పోయడానికి లోపల ఆడమనిషి లేదు. బావగారు బిందె పట్టుకుని తడబడుతూ వచ్చి, నీళ్లు నేల మీద పోసి, భార్య బూట్లకు పసుపు రాసి, ఏం చెయ్యాలో తెలియక దీపానికి దండం పెట్టారు. అక్క పాట ఆపలేదు. జ్వరం రాలేదు. ఆమె అడిగినదంతా స్వామి ఇచ్చాడు.

తరవాతి నెలలో లారీ వచ్చింది. బూట్లు ఆమె సంచిలో పెట్టుకుంది. బేసిన్ నాకిచ్చింది.

అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ముక్కాలిపీట వేసుకుని, పొడుగు బ్రష్‌కు మెత్తని గుడ్డ చుట్టి, కాలు తనే కడుక్కుంటోందట. చేలగట్టు మీద బూట్లతో నడుస్తుంటే పల్లెలో పిల్లలు నవ్వుతారట. "నవ్వనీ. నడవాలి గదా. పాట మట్టుకు పైకి రాదే. ముందర దీపం నేకపోతే గొంతు లెగదు" అంటుంది. ఒకసారి వెళ్లి చూసొచ్చాను. కాలు అలాగే ఉంది, పెరగలేదు. వేళ్ల సందులు శుభ్రంగా ఉన్నాయి. నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ తిరుగు రైల్లో నా చేతులు వట్టిగా అనిపించాయి. ఒక్కసారి వచ్చిన శత్రువును జీవితమంతా గుర్తుపెట్టుకునే కణాలు మనలో ఉన్నాయని దీదీ చెప్పింది. పొద్దున్నే కంచె సందులోంచి వెళ్లే నా కాళ్లకు కూడా అలాంటి గుర్తే ఉంది. మందారాలు ఇంకా పూస్తున్నాయి, అవతల ఆరేసిన బట్టలు వేరేవాళ్లవి.

ఇప్పుడు సెమ్మె ఒక చిన్న కోడలు మోస్తోంది. గొంతు తేటగా ఉంటుంది. ఆరోగ్యమైన పాదాలు. ఆమెకు బూట్లక్కర్లేదు. అయినా ఆమె కాళ్ల మీద ఎవరూ నీళ్లు పోయరు. నీళ్లు నేల మీదే. నడక ముగిశాక అరుగు మీద కూర్చోబెట్టి కడిగి తుడవడం మా ఆచారమైపోయింది. ఎందుకని అడిగితే, మొదటి నుంచీ అంతే అని చెప్పేవాళ్లు కూడా తయారయ్యారు.

మొన్న ధనుర్మాసంలో ఒక ఉదయం గుడ్డ వంతు అక్క ఉన్న క్వార్టర్‌ది. అందులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి తెలుగుది కాదు. ఇరుగుపొరుగు చెప్పారని మెత్తని గుడ్డ మడత పెట్టి, అరుగు దగ్గరకు వచ్చి నిలబడింది. ఎవరికివ్వాలో తెలియక చుట్టూ చూసి, నన్ను అడిగింది.

"ఆంటీ, కిస్‌కే పైర్ పోంఛ్‌నే హై?"

ఎవరి కాళ్లు తుడవాలి అని. నేను చిన్న కోడలిని చూపించాను. అమ్మాయి సిగ్గుపడుతుంటే గుడ్డ నేనే తీసుకుని ముందు కూర్చున్నాను. కేశవా, నారాయణా, మాధవా, గోవిందా. చిటికెన వేలి దగ్గరకు వచ్చేసరికి నా చెయ్యి దానంతట అదే నెమ్మదించింది. అక్కడ చీలిక లేదు. అయినా మెత్తగా అద్దుతూ అక్కడే ఉండిపోయాను. సాల్లే, లెగు అని ఎవరైనా అంటారేమోనని.